నేల మింగని బాట

నల్లరేగడి పొలంలోకి బాట వేయించాలనుకున్న రైతు ముందుగా అడిగేది "ఎన్ని టిప్పర్లు పడుతుంది?" అని. రెండు వానాకాలాలు గడిచాక అదే రైతు అనేది "ఎంత తోలించినా నేల మింగేసిందండీ" అని. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక. నేల ఎందుకు మింగుతుందో, మింగకుండా ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి మాత్రం మనుషులకు చాలా కాలం పట్టింది.

తేలిక లెక్క ముందు చేసేద్దాం. పంచాయతీ రోడ్డు నుంచి పొలంలో మోటారు షెడ్డు దాకా 400 మీటర్లు ఉందనుకోండి. గోదావరి జిల్లాల వాళ్ళు పుంత అనీ, గుంటూరు వైపు డొంక అనీ, తెలంగాణలో బండ్ల బాట అనీ పిలిచే దారి అది. వెడల్పు 3 మీటర్లు, రోలరుతో తొక్కించాక మందం 20 సెంటీమీటర్లు. గుణిస్తే 240 ఘనపు మీటర్లు. బండిలో వచ్చేది వదులు గ్రావెల్. రోలరు కింద అది అయిదో వంతు తగ్గుతుంది కాబట్టి 300 ఘనపు మీటర్లు తోలించాలి. మన దగ్గర యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. మొత్తం 106 యూనిట్లు. ట్రాక్టరుకు ఒక యూనిట్ చొప్పున 106 ట్రిప్పులు, అయిదు యూనిట్లు పట్టే టిప్పరుకైతే 21 పైచిలుకు. గ్రావెల్ అన్నా మొరం అన్నా చట్టం దృష్టిలో చిన్నతరహా ఖనిజమే. రాయల్టీ కట్టిన బిల్లు లేని బండిని పొలంలోకి రానివ్వకండి.

ఇక అసలు సంగతి. 19వ శతాబ్దం తొలి ఏళ్ళ దాకా యూరప్ ఇంజనీర్లలో పేరున్నవాళ్ళు రోడ్డుకు రాళ్ళ పునాది ఉండి తీరాలనుకున్నారు. ఫ్రాన్సులో ట్రెసాగే, ఆ తర్వాత బ్రిటన్‌లో థామస్ టెల్ఫర్డ్ అడుగున పెద్ద రాళ్ళను చేత్తో పేర్పించి, పైన చిన్న రాళ్ళు పోయించేవారు. రోడ్లు గట్టిగానే ఉండేవి, ఖర్చు మాత్రం తడిసి మోపెడయ్యేది. 1816లో బ్రిస్టల్ రోడ్ల సర్వేయరుగా చేరిన జాన్ లౌడన్ మెకాడమ్ ఈ పునాదినే తీసిపారేశాడు. ఆయన స్కాట్లండ్‌లో పుట్టి, న్యూయార్కులో వ్యాపారం చేసి వచ్చినవాడు. ఇంజనీరింగు చదివినవాడు కాదు. ఆయన వాదన ఇది: బండి బరువు చివరికి మోసేది నేల. పొడిగా ఉన్నంతకాలం నేల ఎంత బరువైనా మోస్తుంది, తడిస్తే ఎంత రాయి పోసినా మొయ్యదు. కాబట్టి రాతి పొర చెయ్యాల్సిన మొదటి పని నేలకు పైకప్పుగా ఉండి వాననీటిని పక్కకు పంపడం. అందుకు పెద్ద రాళ్ళు పనికిరావు. ఆరు ఔన్సులకు, అంటే సుమారు 170 గ్రాములకు మించకుండా పగలగొట్టిన కోణాల రాళ్ళు కావాలి. చక్రాల కింద నలిగి అవే ఒకదానిలో ఒకటి ఇరుక్కుని గట్టిపడతాయి.

రెండు వందల ఏళ్ళు దాటినా ఈ వాదనను కొట్టిపారేసినవాళ్ళు లేరు. పొలం బాట పాడైందంటే నూటికి తొంభై పాళ్ళు నీళ్ళ దగ్గరే తప్పు జరిగి ఉంటుందని నా అభిప్రాయం. రాయి తక్కువై పాడైన బాటలు నిజానికి అరుదు.

అయితే రాతి పొర పని కప్పుగా ఉండడంతో తీరదు. అది బరువును పంచుతుంది కూడా. లారీ వెనక ఇరుసుకు ఒక పక్కన ఉండే జంట చక్రాల మీద 5 టన్నులు పడుతుందనుకుందాం. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. అంటే ఆ 5 టన్నులూ 714 చదరపు సెంటీమీటర్ల మీద పడతాయి. గుండ్రంగా ఊహించుకుంటే 30 సెంటీమీటర్ల వ్యాసం. గ్రావెల్ లోపలికి దిగేకొద్దీ ఈ వలయం వెడల్పవుతుంది. ప్రతి 2 సెంటీమీటర్ల లోతుకు అంచు 1 సెంటీమీటరు బయటికి జరుగుతుందని ఇంజనీర్లు ఉజ్జాయింపుగా లెక్కిస్తారు. 20 సెంటీమీటర్ల మందం దాటేసరికి వ్యాసం 50 సెంటీమీటర్లు, నేల మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు. మందం 30 సెంటీమీటర్లయితే అది 1.8 కిలోలకు దిగుతుంది. పొడి నేలకు ఇదేమీ బరువు కాదు. ఆగస్టులో నానిన నల్లరేగడికి ఎక్కువే.

బంకమన్ను గుణం

నల్లరేగడికి నానితే మెత్తబడే గుణం మాంట్‌మొరిల్లొనైట్ జాతి ఖనిజాల నుంచి వస్తుంది. ఒక్కో పలక మందం సుమారు ఒక నానోమీటరు. పలకలు దొంతరలుగా ఉంటాయి, వాటి మధ్యలోకి నీటి అణువులు దూరి దొంతరను ఉబ్బిస్తాయి. శుద్ధమైన ఈ ఖనిజం ఒక్క గ్రాములో పలకల ముఖాలన్నీ పరిస్తే 700 నుంచి 800 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో ఇరవై సెంట్లకు దగ్గర. అంత ఉపరితలానికీ నీరు పట్టుకుంటుంది కాబట్టే జూన్‌లో తడిసిన రేగడి నెలల తరబడి ఆరదు. ఆరడం మొదలయ్యాక మే నాటికి నెర్రెలు తీసి చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది.

నేల బలం కొలవడానికి ఇంజనీర్లు చేసే పరీక్ష ఒకటుంది. 1920ల చివర కాలిఫోర్నియా రహదారుల శాఖలో పోర్టర్ అనే ఇంజనీరు రూపొందించాడు. గట్టిచేసిన మట్టి దిమ్మెను నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీని అందులోకి నెమ్మదిగా దించుతారు. 2.5 మిల్లీమీటర్లు దిగడానికి ఎంత బరువు పట్టిందో చూసి, మంచి కంకరకు పట్టే 1370 కిలోలతో పోల్చి శాతం చెబుతారు. నానిన నల్లరేగడికి చాలాచోట్ల రెండు, మూడు శాతమే వస్తుంది. నాలుగు రోజులు ఎందుకు నానబెట్టాలంటే, రోడ్డు ఏడాదంతా ఎలా ఉందన్నది అనవసరం. ఏడాదిలో అతి చెడ్డ వారం ఎలా గడిచిందన్నదే లెక్క.

ఆ చెడ్డ వారంలోనే మింగడం జరుగుతుంది. చక్రం ఒత్తినప్పుడు అడుగు రాళ్ళు బురదలోకి దిగుతాయి. చక్రం దాటగానే ఆ రాళ్ళ సందుల్లోంచి బురద పైకి పీల్చుకు వస్తుంది. ఒక్కో చక్రానికి ఒక వెంట్రుకవాసి. నెల తిరిగేసరికి రాళ్ళు కిందికీ మన్ను పైకీ చేరి కలిసిపోతాయి. రాళ్ళు ఒకదాన్నొకటి తాకి ఉన్నంతవరకే వాటికి బలం. అయిదో వంతు బంకమన్ను కలిసిందంటే రాయి రాయిని తాకదు, ఆ పొర మొత్తం బంకమన్నులాగే ప్రవర్తిస్తుంది. గ్రావెల్ ఎక్కడికీ పోలేదు. అడుగునే ఉంది, పనికిరాకుండా ఉంది.

కలవకుండా ఆపడమే మందు. గ్రావెల్‌కు ముందు 10 సెంటీమీటర్ల ఇసుకో క్రషర్ డస్టో పరిచి తొక్కించడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. సన్నటి రేణువుల పొర బురదను పైకి రానివ్వదు. నీటిని పోనిచ్చి మన్నును ఆపే జియోటెక్స్‌టైల్ వస్త్రం పరచడం కొత్త పద్ధతి. దీనికి ప్లాస్టిక్కే కావాలని లేదు. 1990లలో కాకినాడ ఓడరేవు దగ్గర మెత్తటి సముద్రపు బంకమట్టి మీద రోడ్డు వెడల్పు చేసినప్పుడు జనపనార వస్త్రం పరిచి చూశారు. 2020లో ప్రధానమంత్రి గ్రామీణ రోడ్ల పథకం కింద ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్ల మేర కొబ్బరిపీచు వస్త్రం వాడతామని కేంద్రం ప్రకటించింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164 కిలోమీటర్లు, తెలంగాణది 121. పీచు కొన్నేళ్ళకు కుళ్ళిపోతుంది కదా అని అనుమానం రావచ్చు. కుళ్ళేలోపు పైబరువుకు కింది మన్ను నీరు వదిలి గట్టిపడుతుంది, ఆ తర్వాత వస్త్రం అవసరం తగ్గుతుంది.

సున్నం మూడో దారి. సున్నంలోని కాల్షియం బంకమన్ను పలకలను పట్టుకున్న సోడియాన్ని నెట్టేసి ఆ చోట కూర్చుంటుంది. పలకలు గుంపు కడతాయి, జిగురు తగ్గి మన్ను పొడిపొడిగా విరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ సిమెంటు లాంటి బంధాలు కూడా ఏర్పడతాయి. బరువులో 3 నుంచి 5 శాతం సున్నం చాలు. చాలు అన్నానే గాని, మన 400 మీటర్ల బాటకు అంచులతో సహా పై 15 సెంటీమీటర్ల మన్నుకు 4 శాతం చొప్పున వేస్తే 13 టన్నులవుతుంది. సొంత బాటకు అంత ఖర్చు అక్కర్లేదనే అంటాను. దిగబడే చోట ఓ యాభై మీటర్లకైతే ఆలోచించవచ్చు.

నీటికి దారి

జేసీబీ రాగానే అందరూ చేయించే పని, బాట పొడుగునా ఒక అడుగు తవ్వించి ఆ గాడిలో గ్రావెల్ నింపడం. గట్టి పునాది పడిందని సంతోషం. నల్లరేగడిలో ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు. గాడి అంచులూ అడుగూ నీరు ఇంకనివ్వని బంకమన్ను. పడ్డ నీరు గ్రావెల్ సందుల్లోంచి దిగి అక్కడే నిలుస్తుంది, నాలుగు రోజుల నానబెట్టే పరీక్ష నాలుగు నెలలు నడుస్తుంది. చెయ్యవలసింది దీనికి తిరుగు. గడ్డి, వేళ్ళున్న పై మన్ను మాత్రం గీకేసి, బాటను పొలం కంటే కనీసం అడుగున్నర ఎత్తున లేపాలి. రెండు పక్కలా కాలువలు తియ్యాలి. ఎర్రమట్టి దొరికితే కట్టకు అదే మేలు.

ఆ తర్వాత వంపు. గ్రావెల్ రోడ్డుకు నడుమ నుంచి అంచులకు, వానలు తక్కువున్న చోట 3.5 శాతం, ఏడాదికి 1000 మిల్లీమీటర్లు దాటే చోట 4 శాతం వాలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గ్రామీణ రోడ్ల నిబంధన. తారు రోడ్డు కంటే ఇది ఎక్కువ. గరుకు మీద నీరు నిదానంగా జారుతుంది, నిదానించిన నీరు ఇంకుతుంది. మన బాట నడిమి నుంచి అంచుకు మీటరున్నర. 4 శాతమంటే 6 సెంటీమీటర్లు. కంటికి అసలు కనపడదు. మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు తెప్పించండి. ఒక కొస నడుమ, ఒక కొస అంచున పెడితే రెండు వైపులా నీటిమట్టం ఒకటే. అక్కడి నుంచి నేలకు టేపు పెట్టండి. అంచు దగ్గర కొలత 6 సెంటీమీటర్లు ఎక్కువ రావాలి. ప్రతి ఇరవై మీటర్లకూ ఒకసారి, గ్రావెల్ పడకముందు మట్టి కట్ట మీదా, పడ్డాక పైనా చూడాలి. మట్టి కట్టనే చదునుగా వదిలి వంపంతా గ్రావెల్‌తో తెచ్చేవాళ్ళున్నారు. గ్రావెల్‌లోకి దిగిన నీరు ఆ చదును మీద నిలిచిపోతుంది.

ఎంత నీటి సంగతి మాట్లాడుతున్నాం? 50 మిల్లీమీటర్ల వాన పడితే 400 మీటర్ల పొడుగు, 3 మీటర్ల వెడల్పు మీద పడేది 60 వేల లీటర్లు. పన్నెండు పెద్ద ట్యాంకర్ల నీరు. వదిలేస్తే బాటను తినేసే ఈ నీటిని పక్క కాలువ ద్వారా నీటికుంటకు మళ్ళిస్తే అదే ఒక తడికి పనికొస్తుంది.

కాలువ వాలు విషయంలో 19వ శతాబ్దపు ఇంగ్లీషు గణితవేత్త విలియం హాప్కిన్స్ చెప్పిన లెక్క గుర్తుంచుకోవాలి. కేంబ్రిడ్జిలో స్టోక్స్, కెల్విన్, మాక్స్‌వెల్ లాంటి వాళ్ళకు పాఠాలు చెప్పిన ఆయన ఈయనే. ప్రవాహ వేగం రెట్టింపైతే అది కదిలించగల రాయి బరువు రెట్టింపు కాదు, 64 రెట్లవుతుంది. గుట్టవార పొలాల్లో కాలువ ఒక్క వానకే లోయవడానికి కారణమిదే. అక్కడ పది పదిహేను మీటర్లకొక రాళ్ళ అడ్డు వేసి వేగం తుంచాలి. రేగడి మైదానంలో దీనికి తిరుగు బాధ, నీరు కదలనే కదలదు. అక్కడ కాలువను ఒకే పొడుగున లాగకుండా మధ్యమధ్య పల్లానికి వదలాలి.

పల్లం బాటకు అడ్డంగా పడిన చోట తూము కావాలి. అది లేకపోతే మీ బాట పక్కవాడి చేనుకు చెరువు కట్ట అవుతుంది, ఆ తర్వాత కథ పంచాయతీకో కోర్టుకో పోతుంది. ఎంత పైపు వెయ్యాలో లెక్క కష్టమేమీ కాదు. ఎగువన 5 హెక్టార్లు, అంటే పన్నెండెకరాల పైచిలుకు ఉందనుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల జోరున కురిస్తే 2,500 ఘనపు మీటర్లు. అందులో 40 శాతం ఇంకకుండా పారితే వెయ్యి ఘనపు మీటర్లు, సెకనుకు 278 లీటర్లు. 60 సెంటీమీటర్ల హ్యూమ్ పైపులో నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో పోతే సుమారు 280 లీటర్లు దాటుతాయి. సరిగ్గా సరిపోయింది. డబ్బు కలిసొస్తుందని 30 సెంటీమీటర్లది వేస్తే? వ్యాసం సగమైతే నోరు నాలుగో వంతు, 70 లీటర్లే పోతాయి. పక్కపక్కన రెండు వేసినా సగమే. గోడల రాపిడి కలుపుకుంటే నాలుగు వేసినా ఒక పెద్ద పైపుకు సాటి రావు. పైగా చిన్న పైపు పత్తి కట్టెలకూ ప్లాస్టిక్ సంచులకూ పూడిపోతుంది, మనిషి చెయ్యి పెట్టి తియ్యలేడు.

ఏ గ్రావెల్

గుండ్రటి ఏటి గులకరాళ్ళు చూడ్డానికి బాగుంటాయి, చక్రం కింద దొర్లిపోతాయి. ఒకే సైజు 40 ఎంఎం కంకర ఒక్కటే పోసినా నిలవదు, సందులన్నీ ఖాళీ. పెద్ద రాళ్ళ సందుల్లో చిన్నవి, వాటి సందుల్లో ఇంకా చిన్నవి ఇమడాలి. ఏ సైజు ఎంత పాలు ఉంటే గరిష్ఠంగా ఇముడుతుందో 1907లో ఫుల్లర్, థామ్సన్ అనే అమెరికన్లు కాంక్రీటు కోసం ఒక సూత్రం చెప్పారు: ఒక రంధ్రం గుండా జారిపోయే పాలు, ఆ రంధ్రానికీ అతిపెద్ద రాయికీ ఉన్న నిష్పత్తికి వర్గమూలం. పెద్ద రాయి 20 మిల్లీమీటర్లయితే 5 మిల్లీమీటర్ల జల్లెడలో సగం జారాలి, 1.25లో పావు వంతు. అతి సన్నని 75 మైక్రాన్ల జల్లెడలో జారేది 6 శాతం. తారు కప్పని రోడ్డు పై పొరకు సన్నం కొంచెం ఎక్కువే ఉండాలి, 8 నుంచి 15 శాతం. ఆ సన్నంలో కొద్దిగా జిగురు కూడా కావాలి, లేకపోతే ఎండాకాలం రాళ్ళు లేచిపోతాయి. మరీ జిగురైతే వానకు జారుడు.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. క్వారీ కుప్పలోంచి రెండు దోసిళ్ళు తెచ్చి, వేరుశనగ గింజ కంటే పెద్ద రాళ్ళు ఏరేసి, మిగిలింది గాజు సీసాలో మూడో వంతు పోసి నీళ్ళు నింపి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు పొర గంటల్లో పేరుకుంటుంది. మర్నాటికీ నీరు ఎర్రగానే ఉంటే అది బంకమన్ను. పొరల మందాలు స్కేలుతో కొలవచ్చు. ఇక జిగురు కోసం సన్నటి మన్నును తడిపి అరచేతుల మధ్య తాడుగా పేనండి. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చేలోపే ముక్కలైతే జిగురు తక్కువ. ఆ సన్నానికి వచ్చి, మడిచి మళ్ళీ మళ్ళీ పేనినా విరగకపోతే మరీ ఎక్కువ. స్వీడన్ శాస్త్రజ్ఞుడు అట్టర్‌బర్గ్ 1911లో మొదలుపెట్టిన ఈ పేనుడు పరీక్షే ఈనాటికీ ప్రయోగశాలల్లో నడుస్తోంది.

నీళ్ళు పోసి గట్టి చెయ్యడం

ఇంతసేపూ నీటిని తరిమాం, ఇప్పుడు ట్యాంకరు కట్టి తేవాలి. పొడి మట్టిని రోలరు ఎంత తొక్కినా రేణువులు ఒకదానిమీద ఒకటి మొరాయిస్తాయి. కొద్ది నీరు చేరితే జారి సర్దుకుంటాయి. నీరు ఎక్కువైతే సందులన్నీ నీటితోనే నిండుతాయి, నీటిని నొక్కి చిన్నది చెయ్యలేం, రోలరు ముందు మట్టి అలలా లేస్తుంది. ఈ రెంటికీ నడుమ ఒక సరైన తడి ఉందని, దాన్ని కొలవచ్చని 1933లో లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా విభాగంలో మట్టి ఆనకట్టలు కట్టిస్తున్న ఆర్. ఆర్. ప్రోక్టర్ చూపించాడు. అచ్చులో మట్టి మూడు పొరలుగా వేసి, ఒక్కో పొరను సుత్తితో ఇరవై అయిదు దెబ్బలు కొట్టడం. తడి మారుస్తూ మళ్ళీ కొట్టడం. నీటి బరువు తీసేశాక ఎక్కడ మట్టి బరువు ఎక్కువ వస్తే అదే సరైన తడి.

పొలంలో గుప్పిటే అచ్చు. తడిపిన గ్రావెల్‌లోని సన్నాన్ని గట్టిగా పిడికిలి పట్టి తెరవండి. ముద్ద నిలబడాలి, చేతికి తడి అంటినట్టుండాలి గాని మన్ను అంటుకోకూడదు. నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడిగా రాలిపోతే నీరు చాలలేదు, చపాతీలా అణిగితే ఎక్కువైంది.

ఎంత నీరు? క్వారీ నుంచి 3 శాతం తడితో వచ్చింది, 9 శాతం కావాలి అనుకుంటే, ఘనపు మీటరు రెండు టన్నుల చొప్పున 120 లీటర్లు. మొత్తం బాటకు 29 వేల లీటర్లు, ఆరు ట్యాంకర్లు. తొక్కించేది రెండు పొరలుగా, తొక్కాక ఒక్కోటి 10 సెంటీమీటర్లు ఉండేట్టు. ఇరవై సెంటీమీటర్లూ ఒకేసారి పరిస్తే పైన గట్టిగా కనిపిస్తుంది, అడుగున వదులుగానే ఉంటుంది. రోలరు అంచుల నుంచి మొదలై నడుమకు రావాలి. నడుమ నుంచి మొదలుపెడితే గ్రావెల్ అంచులకు తోసుకుపోయి వంపు పోతుంది.

ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు. మీ బాట మీద జన్మలో తిరిగే అతి బరువైన బండి, ఆ గ్రావెల్ తెచ్చిన టిప్పరే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు లారీలను అదేపనిగా తిప్పి చేసిన పరీక్షలో, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. 600 కిలోల కారు ఇరుసు పక్కన 10 టన్నుల టిప్పరు ఇరుసు పెడితే నష్టం 77 వేల రెట్లు. ఆ పరీక్ష తారు, కాంక్రీటు రోడ్ల మీద చేసింది కాబట్టి గ్రావెల్ బాటకు అంకె అచ్చంగా వర్తించదు, దిక్కు మాత్రం అదే. అందుకే పని ఏప్రిల్, మే నెలల్లో, నేల ఎండి ఉన్నప్పుడు ముగించాలి. జూన్ మొదటి వాన పడ్డాక "ఇంకో నాలుగు ట్రిప్పులే కదా" అని పిలిచిన టిప్పరు ముందు వచ్చిన పదిహేడింటి పనినీ చెడగొడుతుంది.

అలలు

బాగా వేసిన బాట మీద కూడా వేసవిలో అడ్డంగా సన్నటి అలలు లేస్తాయి. బండి దడదడలాడుతుంది, పాలక్యానులో పాలు చిలికిపోతాయి. స్ప్రింగుల వల్ల వస్తాయని ఒకరు, ఇంజను అదురు వల్లని ఒకరు చెప్పుకునేవారు. ఆస్ట్రేలియా భౌతికశాస్త్రజ్ఞుడు కీత్ మాదర్ 1963లో ప్రయోగశాలలో చిన్న చక్రాన్ని ఇసుక మీద తిప్పి అలలను పుట్టించాడు. 2007, 2009 సంవత్సరాల్లో టొరంటోలో స్టీఫెన్ మోరిస్, ఆయనతో కలిసిన కేంబ్రిడ్జి, ఫ్రాన్సు పరిశోధకులు ఇంకా లోతుకు వెళ్ళారు. గుండ్రటి ఇసుక దారి మీద ఒక చక్రం, చక్రానికి ఒక చెయ్యి, అంతే. ఆ తర్వాత చక్రం తీసేసి వాలుగా పెట్టిన పలకను లాగినా అలలు వచ్చాయి. అంటే టైరుదీ ఇంజనుదీ తప్పేమీ లేదు. ఒక హద్దు దాటిన వేగంతో ఏది వదులు రేణువుల మీద కదిలినా, ఏ చిన్న మిట్టకో కొద్దిగా ఎగిరి దిగుతుంది. దిగిన చోట గుంట, గుంట ముందు కొత్త మిట్ట. హద్దు కంటే నెమ్మదిగా కదిలితే మిట్టను నలిపి చదును చేస్తుంది. ఇంకో విచిత్రం: చక్రం చేసిన అలలు అక్కడే ఉండవు, బండి పోయే దిక్కుకే మెల్లగా జరుగుతాయి.

ఆ హద్దు వేగం చాలా తక్కువ, బైకు వాణ్ణి అంత నెమ్మదిగా పొమ్మని చెప్పలేం. అలలకు వదులు రేణువులు కావాలి గనక వాటిని వదులు కానివ్వకపోవడమే మన చేతిలో ఉన్నది. జిగురున్న సన్నం అందుకే. మలుపు దగ్గర, గేటు దగ్గర బ్రేకు వేసే చోట, మళ్ళీ రేజు చేసే చోట అలలు ముందు లేస్తాయి. అక్కడ వేసవిలో వారానికోసారి నీళ్ళు చల్లించినా చాలు.

లేచిన అలల మీద కొత్త గ్రావెల్ పోస్తే ప్రయోజనం లేదు, కింది అలే పైకి తేలుతుంది. గుంట అడుగుదాకా గీకి, తడిపి, మళ్ళీ తొక్కించాలి. అమెరికాలో మిస్సోరీ రైతు వార్డ్ కింగ్ 19వ శతాబ్దం చివర దీనికి దాదాపు ఖర్చు లేని సాధనం కనిపెట్టాడు. ఒక దుంగను నిలువునా చీల్చి, రెండు బద్దలనూ రెండున్నర అడుగుల ఎడంతో జోడించి, గుర్రాలు కట్టి, వాన వెలిసి నేల ఇంకా తడిగా ఉండగా బాట మీద ఏటవాలుగా లాగించడం. అంచులకు కొట్టుకుపోయిన మన్ను నడుమకు వస్తుంది, వంపు తిరిగి నిలుస్తుంది. మన గుంటకతో ఆ పని చెయ్యవచ్చు, ట్రాక్టరు వెనక బ్లేడుతో ఇంకా బాగా చెయ్యవచ్చు. చెయ్యవలసిన సమయం మాత్రం వాన వెలిసిన మర్నాడే. పొడిబారాక లాగితే గట్టిపడిన పైపొర చెక్కలు చెక్కలుగా లేస్తుంది.

బాట పక్క చెట్లు నాటేవాళ్ళు కాలువ అవతలికి, ఇంకా నాలుగడుగులు దూరంగా నాటండి. నీడపడ్డ చోట బాట ఆలస్యంగా ఆరుతుంది. రేగడిలో వేళ్ళు ఒక పక్క నీరు లాగేస్తే ఆ పక్క కట్ట కుంగి నెర్రెలిస్తుంది.

గోతులు పడితే నీళ్ళున్న గోతిలో రాళ్ళు విసరవద్దు. నీరు తోడి, అంచులు నిటారుగా చెక్కి, అదే గ్రావెల్ తడిపి పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. అందుకు గ్రావెల్ చేతిలో ఉండాలి. కాబట్టి లెక్కకు మించి పది యూనిట్లు ఎక్కువ తోలించి షెడ్డు పక్కన కుప్ప పోయించండి. కొత్త కట్ట మొదటి వానాకాలంలో ఎక్కడో ఒకచోట కుంగి తీరుతుంది. ఆ రోజుకు అదే క్వారీ నుంచి అదే మన్ను ఒక్క ట్రాక్టరు తెమ్మంటే ఎవరూ రారు.